ఫ్లారెన్స్ నైటింగేల్ - దీపం వెనుక ఉన్న లెక్కల పుస్తకం

మన సంఘం ఆరోగ్య ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను డాక్టరునూ కాను, రచయితనూ కాను, ఏం రాస్తానని తప్పించుకోబోయాను. ముప్పయ్యయిదేళ్లు ఆసుపత్రి ఆఫీసులో కూర్చున్నవాడివి, నీకు తెలిసిందే రాయమన్నారు. నాకు తెలిసింది రిజిస్టర్లూ, స్టేట్‌మెంట్లూ మాత్రమే. కాబట్టి రిజిస్టర్ల విలువ లోకానికి చెప్పిన ఒక మహనీయురాలి జీవితం గురించి నాలుగు ముక్కలు రాస్తున్నాను. పెద్దలు తప్పులుంటే మన్నించాలి.

నేను 1973లో ఒక జిల్లా కేంద్రంలోని పెద్దాసుపత్రిలో ఎల్.డి.సి.గా చేరాను. ఏటా మే 12న నర్సుల దినోత్సవం జరిగేది. నర్సింగ్ సూపరింటెండెంట్ అమ్మగారి ఉపన్యాసం టైపు చేసే పని నాది. ప్రతి ఏడూ అదే ఉపన్యాసం, తేదీ ఒక్కటే మారేది. చేతిలో దీపం పట్టుకొని రాత్రివేళ క్షతగాత్రుల మంచాల మధ్య తిరిగిన దయామయి అని అందులో ఉండేది. ఆ పేరు నేను ఎన్నిసార్లు టైపు కొట్టానో లెక్కలేదు. కాని ఆమెకూ నా సీటుకూ సంబంధం ఉందని చాలాకాలం తెలియలేదు. నాది స్టాటిస్టిక్స్ సీటు. ఎందరు చేరారు, ఎందరు వెళ్లారు, ఎందరు పోయారు అని నెలనెలా కాగితం పంపడం నా పని.

బాల్యం, చదువు

ఫ్లారెన్స్ నైటింగేల్ 1820 మే 12న ఇటలీలోని ఫ్లారెన్స్ నగరంలో జన్మించారు. ఊరి పేరే బిడ్డకు పెట్టారు. అక్కగారు నేపుల్స్‌లో పుట్టినందున ఆమెకు ఆ ఊరి పాత గ్రీకు పేరు పార్థినోపి అని పెట్టారు. తల్లిదండ్రులు ఇంగ్లండులో బాగా కలిగినవారు. రెండు చోట్ల పెద్ద భవనాలు, నౌకర్లు, చాకర్లు. ఆడపిల్లలను బడికి పంపే ఆచారం అంతగా లేని ఆ రోజుల్లో తండ్రి విలియం నైటింగేల్ తానే కూర్చోబెట్టి ఇద్దరు కూతుళ్లకూ గ్రీకు, లాటిన్, చరిత్ర నేర్పారు. ఫ్లారెన్స్‌కు చిన్నప్పటినుంచి లెక్కలంటే ప్రాణం. ఇతరులు నవలలు చదువుకొనే వేళ ఆమె అంకెల పట్టికలు చూసి ఆనందించేవారట.

పదహారేళ్ల వయస్సులో, 1837లో, దేవుడు తనను సేవకు పిలిచాడని ఆమెకు అనిపించింది. రోగులకు సేవ చేస్తానంటే ఇంట్లో గగ్గోలు పుట్టింది. అప్పటి నర్సు పని అంటే మర్యాదస్తులు చేసే పని కాదు. తల్లీ అక్కా ఏళ్ల తరబడి అడ్డుపడ్డారు. ఆమె పెండ్లి సంబంధాలు కాదని, తెల్లవారకముందే లేచి ప్రభుత్వం అచ్చువేసిన ఆసుపత్రుల నివేదికలు చదువుతూ పట్టుదలగా నిలిచారు. చివరికి 1851లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో సుమారు మూడు నెలలు శిక్షణ పొందారు. 1853లో లండన్‌లో స్త్రీల కోసం నడిచే ఒక చిన్న ఆసుపత్రికి పర్యవేక్షకురాలయ్యారు. అప్పటికి ఆమెకు 33 ఏళ్లు.

స్కుటారి

1854లో రష్యాతో క్రిమియా యుద్ధం వచ్చింది. గాయపడిన ఇంగ్లీషు సైనికులను నల్లసముద్రం దాటించి, ఇస్తాంబుల్ నగరానికి ఎదురుగా స్కుటారి అనే చోట ఉన్న ఒక పెద్ద సైనిక బారకాసులో పడుకోబెట్టేవారు. అక్కడ కట్టు కట్టడానికి గుడ్డ కూడా లేదని పత్రికల్లో వార్తలు వచ్చాయి. యుద్ధ శాఖ మంత్రి సిడ్నీ హెర్బర్ట్ ఆమెకు మిత్రుడు. ఆయన కోరికపై 38 మంది నర్సులతో బయలుదేరి ఆమె 1854 నవంబరు 4న స్కుటారి చేరారు.

అక్కడి స్థితి మనం ఊహించలేం. మైళ్ల పొడవున మంచాలు, నేలమీద గడ్డి పరుపులు, పేలు, ఎలుకలు. మరుగుదొడ్లు పొర్లి వసారాల్లోకి వచ్చేవి. ఆమె తన దగ్గరున్న చందా డబ్బుతో దుప్పట్లు, చొక్కాలు, గిన్నెలు కొనిపించారు. చాకలి ఏర్పాటు చేశారు. వంటశాల పెట్టించారు. రాత్రిపూట దీపంతో తిరిగారన్న మాట నిజమే. కాని ఇంత సేవ జరిగినా ఆ శీతకాలంలో చావులు తగ్గలేదు సరికదా పెరిగాయి. 1855 ఫిబ్రవరిలో అక్కడ చేరినవారిలో నూటికి 42 మందికి పైగా మరణించారు.

మార్చిలో ప్రభుత్వం పంపిన పారిశుధ్య సంఘం వచ్చింది. వారు రోగులను కాదు, భవనాన్ని పరీక్షించారు. ఆసుపత్రి కింద మురుగు కాలువలు పూడుకుపోయి ఉన్నాయి. మంచినీటి కాలువలో గుర్రం కళేబరం కుళ్లుతూ కనిపించింది. మొదటి పదిహేను రోజుల్లో 556 చేతిబండ్లు, గంపల చెత్త ఎత్తించారు. కాలువలు కడిగించారు, గోడలకు సున్నం వేయించారు, కిటికీలు తెరిపించారు. జూన్ నాటికి చావులు నూటికి రెండుకు దిగాయి. మందు మారలేదు, డాక్టరు మారలేదు. కాలువ బాగుపడింది, మనిషి బతికాడు.

మూడు రిజిస్టర్లు

ఈ ఘట్టం నేను మొదట చదివింది మా పట్టణ గ్రంథాలయంలో, 1980 ప్రాంతంలో. అందులో ఒక విషయం చదివి పుస్తకం మూసేసి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను.

స్కుటారిలో మరణాలకు మూడు లెక్కలుండేవట. ఖననం చేసిన శవాల లెక్క ఒకటి, డాక్టర్లు రాసే లెక్క ఒకటి, ఆఫీసు గదిలో రాసే లెక్క ఒకటి. మూడూ మూడు రకాలు. పూడ్చిపెట్టినవారిలో వందలమంది డాక్టర్ల లెక్కలో అసలు లేరు. మనిషి మట్టిలో ఉన్నాడు, కాగితంలో లేడు. దీపంతో తిరిగిన ఆవిడకు ఇది కంటబడింది. రోగులు చావడం ఒక దుఃఖమైతే, ఎందరు చచ్చారో తెలియకపోవడం అంతకంటే పెద్ద ప్రమాదమని ఆమె గ్రహించారు. లెక్క తెలియనిచోట కారణం తెలియదు, కారణం తెలియనిచోట చావు ఆగదు.

నేనెందుకు పుస్తకం మూశానో చెప్పాలి. ఇన్నేళ్లలో నేను ఎవరితోనూ చెప్పని సంగతి ఇది.

మా ఆసుపత్రిలోనూ మూడు లెక్కలుండేవి. వార్డు రిజిస్టరు, రికార్డు రూము రిజిస్టరు, నేను పంపే నెలవారీ స్టేట్‌మెంటు. చావుల అంకె కిందటి నెలకంటే ఎక్కువైతే పైనుంచి సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చేది. మెమోకు జవాబు రాయడం ఎవరికీ ఇష్టం ఉండదు. రోగి ఆఖరి స్థితిలో ఉంటే, ఇంక లాభం లేదు, ఇంటికి తీసుకుపొమ్మని బంధువులకు చెప్పేవారు. రిజిస్టరులో కోరికపై డిశ్చార్జి అని పడేది. ఆ మనిషి గేటు దాటగానే పోయినా మా చావుల గడిలోకి రాడు. నాకు ముందు ఆ సీటులో ఉన్నాయన ఇది నాకు నేర్పి వెళ్లారు. నేను నేర్చుకొన్నాను.

1978 వానకాలం తర్వాత ఒక రైతు వచ్చాడు. అతని భార్య మా కాన్పుల వార్డులో బిడ్డను కని, జ్వరం వచ్చి, తొమ్మిదో రోజున ఇంటికి పంపబడింది. బండి ఊరు దాటకముందే దారిలో పోయింది. ఆమెకు పుట్టింటివారు పసుపుకుంకుమ కింద ఇచ్చిన ఎకరం పొలం ఉంది. అది బిడ్డ పేర మార్చుకోవడానికి మరణ ధ్రువపత్రం కావాలి. ఊళ్లో మునసబుగారు చావు ఊళ్లో జరగలేదు గనుక రాయనన్నారు. నేను రిజిస్టరు తీసి చూశాను. గుణం కనబడి వెళ్లినట్లు రాసి ఉంది. ఆ అక్షరాలు నావే. మా రికార్డులో ఆమె చనిపోలేదని అతనికి చెప్పాను. అతను నాతో వాదించలేదు. గోడకు ఆనుకొని కాసేపు నిలబడి, తలపాగా సర్దుకొని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఆ తర్వాతే నైటింగేల్ చరిత్ర నా చేతికి వచ్చింది. మూడు రిజిస్టర్ల మాట చదివినప్పుడు ఆ తలపాగా మనిషే కళ్ల ముందు నిలిచాడు.

అంకెలతో యుద్ధం

1856లో ఇంగ్లండుకు తిరిగి వచ్చిన నైటింగేల్‌కు దేశమంతా నీరాజనాలు పట్టింది. ఆమె సన్మానాలు తప్పించుకొని, జనన మరణాల రిజిస్ట్రేషను శాఖలో గణాంకవేత్త అయిన డాక్టర్ విలియం ఫార్‌తో కలిసి యుద్ధకాలపు లెక్కలన్నీ ముందేసుకొని కూర్చున్నారు. అప్పుడు తేలిందేమంటే, గాయాలవల్ల పోయినవారికంటే అంటురోగాలవల్ల పోయినవారు ఎన్నో రెట్లు ఎక్కువ. స్కుటారికి చేరినప్పుడు ఆమె అనుకొన్నది వేరు. తిండి, బట్ట, మందులు సకాలంలో అందక సైనికులు చచ్చారని ఆమె నమ్మేవారు. తన ఆసుపత్రి కట్టడమే వారిని చంపిందని అంకెలు చెప్పాయి. ఈ సత్యం తెలిశాకనే ఆమె ఆరోగ్యం, మనస్సు కుంగిపోయాయని కొందరు చరిత్రకారులు రాశారు. క్రిమియాలో తగిలిన జ్వరమే కారణమని మరికొందరంటారు. ఏదైతేనేం, ఆమె ఆ అంకెలను దాచలేదు. అచ్చువేయించారు.

అంకెల పట్టికలు మంత్రులు చదవరని ఆమెకు తెలుసు. అందుకని 1858లో గుండ్రని చక్రం వంటి బొమ్మ గీయించారు. నెలకొక ముక్క. అంటురోగాల చావులకు నీలం రంగు, గాయాల చావులకు ఎరుపు, మిగిలినవాటికి నలుపు. నీలం ముందు ఎరుపు పిసరంత కనబడుతుంది. చదువు రానివాడికి కూడా సంగతి తెలిసిపోతుంది. ఆ ఏడే గణాంక శాస్త్ర సంఘం ఆమెను సభ్యురాలిగా ఎన్నుకొంది. ఆ గౌరవం పొందిన మొదటి స్త్రీ ఆమే.

1859లో ఆసుపత్రుల గురించి ఒక గ్రంథం వెలువరించారు. రోగికి ఆసుపత్రివల్ల హాని జరగకుండా ఉండటమే మొదటి నియమమని అందులో చెప్పారు. చెప్పి ఊరుకోలేదు, దాన్ని కొలిచే ఫారం తయారు చేశారు. ఏడాది మొదట ఉన్న రోగులు, కొత్తగా చేరినవారు, నయమై వెళ్లినవారు, నయం కాకుండా వెళ్లినవారు, చనిపోయినవారు, ఏడాది చివర మిగిలినవారు, సగటున ఎన్ని రోజులున్నారు. ఇదంతా రోగంవారీగా, వయస్సువారీగా, ఆడ మగ వేరువేరుగా. శస్త్రచికిత్సలకు మరొక ఫారం, ఆపరేషను తర్వాత వచ్చిన ఉపద్రవాలతో సహా. 1860లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభ దీన్ని ఆమోదించింది. నేను ముప్పయ్యయిదేళ్లు నింపిన ఫారానికి తాతమ్మ ఇదే!

నయం కాకుండా వెళ్లినవారికి ఆమె వేరే గడి పెట్టిన సంగతి గమనించండి. మా రైతు భార్యకు చోటు ఆ గడిలో ఉంది. నేనే ఇవ్వలేదు.

లండన్‌లోని కొన్ని పెద్ద ఆసుపత్రులు ఈ ఫారాన్ని కొంతకాలం వాడాయి. తర్వాత ఖర్చని, రోగాల వర్గీకరణ కష్టమని మెల్లగా మానేశాయి. ఆఫీసుల్లో పనిచేసినవారికి ఇది కొత్త కాదు.

ఒక తప్పు లెక్క

మహనీయుల పొరపాట్లు కూడా చెప్పుకోవాలి. 1863లో ఆ గ్రంథం కొత్త ముద్రణలో డాక్టర్ ఫార్ ఇచ్చిన ఒక పట్టిక వేశారు. లండన్‌లో 24 ఆసుపత్రుల్లో 1861 ఏప్రిల్ 8న ఉన్న రోగులు 4,214. ఏడాది మొత్తంలో చావులు 3,828. కాబట్టి మరణాలు నూటికి 90.84. జిల్లాల్లోని 25 ఆసుపత్రుల్లో ఇదే లెక్క 39.41 మాత్రమే. లండన్ డాక్టర్లు భగ్గుమన్నారు.

వారి కోపంలో న్యాయముంది. వంద పడకల ఆసుపత్రిలో రోగి సగటున నెల ఉంటాడనుకొందాం. ఏడాదికి 1,200 మంది వస్తారు. అందులో 90 మంది పోతే నూటికి ఏడున్నర. ఒక్కరోజు తలలు లెక్కపెట్టి, దానితో ఏడాది చావులను భాగిస్తే నూటికి తొంభై. పైగా లండన్‌కు కడపటి స్థితిలో ఉన్న కఠినమైన కేసులే వస్తాయి. చిన్న ఊరి ఆసుపత్రి తేలిక కేసులు ఉంచుకొని మిగిలినవి పంపించి మంచిపేరు తెచ్చుకొంటుంది. ఆసుపత్రులను పోల్చేవారు ముందు రోగులను పోల్చాలన్న పాఠం ఆ గొడవలోంచి గట్టిపడింది. నేటికీ ఈ రంగంలో పనిచేసేవారిని వేధించే ప్రశ్న అదే. అయితే ఆ తప్పు లెక్క అచ్చులో ఉంది కాబట్టే నలుగురూ తప్పు పట్టగలిగారు. రాయని లెక్కను ఎవరు దిద్దుతారు?

తన వార్డు తానే మూసిన వైనం

ప్రజలు ఆమె పేర పోగుచేసిన నిధితో 1860లో సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల శిక్షణ పాఠశాల పెట్టారు. అది లోకమంతటికీ ఆదర్శమయింది. అదే నిధితో 1861లో కింగ్స్ కాలేజీ ఆసుపత్రిలో మంత్రసానుల శిక్షణకు ఒక కాన్పుల వార్డు తెరిచారు. పల్లెలకు చదువుకొన్న మంత్రసానులను పంపాలని ఆమె కల. కాని అక్కడ సూతికా జ్వరంతో బాలింతలు మరణించసాగారు. 1867లో ఆ వార్డు మూసేశారు.

చాలామంది అయితే అక్కడితో మరచిపోదురు. ఆమె ఇంగ్లండులోనూ, యూరప్‌లోనూ కాన్పు ఆసుపత్రుల లెక్కలు నాలుగేళ్లు సేకరించి 1871లో పుస్తకం వేశారు. ఇంటివద్ద ప్రసవించిన పేదరాలికంటే ఆసుపత్రిలో ప్రసవించిన స్త్రీకే ఆ రోజుల్లో ప్రాణాపాయం ఎక్కువని తేల్చారు. తన పేరున్న సంస్థ లోపాన్ని తానే బయటపెట్టారు. నా దృష్టిలో దీపం పట్టుకొన్న రాత్రులకంటే ఇది గొప్ప పని.

మన దేశంతో సంబంధం

ఆమె ఇండియాకు ఎన్నడూ రాలేదు. అయినా సుమారు నలభై ఏళ్లు మన దేశం గురించి పనిచేశారు. ఇక్కడి సైనిక స్థావరాలన్నిటికీ ప్రశ్నావళి పంపించి, వచ్చిన జవాబుల గుట్టలు తానే చదివారు. 1863 నాటి రాయల్ కమిషన్ నివేదిక ప్రకారం ఇక్కడి ఇంగ్లీషు సైనికులు ఏటా వెయ్యికి 69 మంది చనిపోతుండేవారు. నీరు, మురుగు, గాలి బాగుచేసిన పదేళ్లకు అది 18కి దిగినట్లు 1873లో ఆమె రాశారు. తర్వాత ఆమె చూపు సైనికులనుంచి రైతుల మీదికి మళ్లింది. 1876-78 నాటి మద్రాసు కరువు ఆమెను కలచివేసింది. కరువుకు మందు నీటి కాలువలే అని వాదించారు. మన ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన కాటన్ దొరగారితో ఈ విషయమై ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపారు. గోదావరి నీళ్లు తాగినవారికి ఈ సంగతి తెలిస్తే సంతోషిస్తారని రాశాను.

ఆమె మధ్య వయస్సునుంచి ఎక్కువకాలం మంచం మీదే ఉండి, ఉత్తరాలతోనే ఈ పనులన్నీ నడిపించారు. చివరి రోజుల్లో చూపు పోయింది. 1907లో ఆర్డర్ ఆఫ్ మెరిట్ బిరుదు పొందిన మొదటి మహిళ అయ్యారు. 1910 ఆగస్టు 13న, 90వ ఏట లండన్‌లో కన్నుమూశారు. వెస్ట్‌మినిస్టర్ ఆబేలో సమాధి చేస్తామంటే బంధువులు వద్దన్నారు. స్వగ్రామపు చర్చి ఆవరణలో తల్లిదండ్రుల పక్కనే సమాధి అయ్యారు.

చివరి మాట

నేను ఏమి చేశానని మీరు అడగవచ్చు. పెద్దగా ఏమీ చేయలేదు. 1990 దశకంలో సీనియర్ అసిస్టెంటునయ్యాక, డిశ్చార్జి రిజిస్టరులో ఒక గడి గీశాను. ఇంటికి వెళ్లేనాటి స్థితి అని దానికి పేరు. అప్పటి సూపరింటెండెంటు డాక్టరుగారు ధర్మాత్ములు, సంతకం పెట్టారు. అంకెలు పెరిగాయి, మెమో వచ్చింది, ఆయనే జవాబు రాశారు. ఆయన బదిలీ అయిన తర్వాత కొత్త రిజిస్టర్లు పాత నమూనాలోనే అచ్చయి వచ్చాయి. ఆ గడి పోయింది. నేను 2008లో రిటైరయ్యాను.

కాలం మారింది. 2015 నుంచి ప్రభుత్వ ఆసుపత్రులకు కాయకల్ప పేరుతో పరిశుభ్రతకు మార్కులు వేస్తున్నారు. ప్రైవేటు ఆసుపత్రులు గుర్తింపు పత్రాలు గోడకు తగిలిస్తున్నాయి. సంతోషమే. మనమంతా డెబ్భై దాటినవాళ్లం, హెల్త్ కార్డు పట్టుకొని తరచుగా ఆ గుమ్మాలు ఎక్కేవాళ్లం. కాబట్టి ఒకటి రెండు మనవులు. నూటికి నూరుపాళ్లు విజయమన్న బోర్డు చూసి మురిసిపోకండి. ఎవరిని లెక్కపెట్టారు, ఎవరిని వదిలేశారు అని అడగండి. ఆపరేషను తర్వాత చీము పట్టినవారెందరని మర్యాదగానే అడగండి. మిమ్మల్ని ముట్టుకొనే ముందు చేతులు కడుక్కొన్నారేమో చూడండి. ఇంజక్షను చేసే ముందు మీ పేరు అడగకపోతే మీరే చెప్పండి. డిశ్చార్జి కాగితంలో మీ స్థితి ఎలా రాశారో ఇంటికి బయలుదేరకముందే చదివించుకోండి. అది తప్పయితే అక్కడికక్కడే దిద్దించండి. రాసేవాడు నాలాంటివాడే, తొందరలో ఉంటాడు.

ఆ రైతు బిడ్డకు ఇప్పటికి నలభై ఏడేళ్లు ఉంటాయి. ఆ ఎకరం పొలం తన పేరు మీదికి వచ్చిందో లేదో నాకు తెలియదు. ప్రతి మే 12వ తేదీన నాకు ముందుగా గుర్తుకు వచ్చేది దీపం కాదు, ఆ గడి.